మనవాళ్ళు గెలిచిన ఏడాది

మా మండపేట లైబ్రరీలో పేపరు మొత్తంగా ఎవరి చేతికీ రాదు. తలుపులు తీసిన కాసేపటికే అది విడిపోతుంది. పొడుగు బల్లకి అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు తలో కాగితం తీసుకుంటారు. ఒకాయన దగ్గర మొదటి పేజీ, ఇంకొకాయన దగ్గర జిల్లా వార్తలు, మరొకాయన దగ్గర సంపాదకీయం. చదవడం అయ్యాక ఎదురుచూసేవాళ్ళకి అందించాలి. నోటితో అడగకూడదు. ‘మీది అయ్యాక నాకు’ అని కళ్ళతో చెప్పుకోవాలి. ఎవరూ గోడ మీద రాసి పెట్టిన నియమం కాదిది. గోడ మీద రాసి ఉన్నది ‘నిశ్శబ్దం పాటించండి’ అని. దాన్ని మాత్రం ఎవరూ పాటించరు.

నాకు కావలసింది ఆటల పేజీ ఉన్న కాగితం.

నేను జాకెట్లు కుడతాను. ఏడో తరగతితో బడి మానేశాను. ఆ తరవాత నేర్చుకున్నదంతా ఈ లైబ్రరీలోనే నేర్చుకున్నాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కాస్త గర్వం కూడా ఉంది. బీరువాల్లో అన్నిటికన్నా కింది అరలో, నడుం వంచితే తప్ప కనిపించని చోట, విజ్ఞాన సర్వస్వం సంపుటాలుంటాయి. గుండె ఎలా కొట్టుకుంటుందో, గోదావరికి ఆనకట్ట ఎలా కట్టారో, తిమింగలం చేప ఎందుకు కాదో అన్నీ నడుం వంచి తీసుకున్న పుస్తకాల్లోనే చదివాను. “మీరు తప్ప వీటిని ఎవరూ ముట్టుకోరండీ” అంటారు లైబ్రేరియన్ గారు. ఆవిడ ఆ మాట దుమ్ము గురించి అన్నారేమో కానీ నేను పొగడ్తగానే తీసుకున్నాను.

మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. పలకరించేవాళ్ళకి కొదవ లేదు కానీ, పలకరింపులన్నీ చేతుల పొడుగు, మెడ లోతు, ఎప్పటికిస్తావు అన్న వాటి దగ్గరే ఆగిపోతాయి. లైబ్రరీలో స్త్రీలకని గోడవారగా ఒక చిన్న బల్ల ఉంది. దాని మీద వారపత్రికలు పడేసి ఉంటాయి. నేను పొడుగు బల్ల చివర కూర్చుంటాను. మొదట్లో అందరూ తలెత్తి చూసేవారు. ఇప్పుడు చూడరు. అది మంచిదో చెడ్డదో నాకు ఇప్పటికీ తెలియదు.

శ్రావణమాసం రోజుల్లో ఒక పొద్దున, ఆటల పేజీ కింద మూలన అగ్గిపెట్టెంత వార్త ఒకటి కనిపించింది. ఐరోపాలో ఎక్కడో నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఒక రేవు పట్నం. అక్కడి ఫుట్‌బాల్ క్లబ్బు చాలా కాలం కింది మెట్టులో ఆడి, ఆ ఏడే పెద్ద లీగులోకి వచ్చింది. పెద్ద క్లబ్బులు ఆటగాళ్ళ చొక్కాల మీద నంబర్లు యంత్రంతో అతికిస్తాయట. ఈ క్లబ్బులో మాత్రం ఒక పెద్దావిడ ఇప్పటికీ మిషన్ మీద కుడుతుందట. ఫొటో కూడా వేశారు. మెడలో టేపు, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయి ఉంది, ఒళ్ళో చొక్కా.

ఆ ఫొటోని చాలాసేపు చూశాను. మెడలో టేపు వేసుకునే పద్ధతి కూడా నాదే. ఎడం వైపు పొడుగ్గా, కుడి వైపు పొట్టిగా. ఇంటికి వచ్చి వరలక్ష్మీ వ్రతం జాకెట్ల గుట్ట ముందు కూర్చున్నాక, ఆవిడ కూడా ఈ వేళకి ఏదో ఒక చొక్కా ముందేసుకుని కూర్చుని ఉంటుందనుకున్నాను. ఆ రోజు నుంచీ అది నా క్లబ్బు.

నాకు ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. తెలియనిది ఉంటే ఏం చెయ్యాలో మాత్రం తెలుసు. కింది అర దగ్గరకెళ్ళి నడుం వంచాను. అట్లాసులో ఆ నదిని పట్టుకున్నాను. లీగు అంటే అందరూ అందరితో ఆడతారని, ఏడాది చివర పాయింట్ల పట్టికలో పైన ఉన్నవాళ్ళదే కప్పు అని, దీనికి ఫైనల్ ఆట వేరే ఉండదని తెలుసుకున్నాను. ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఒక్కరోజు మెరిస్తే చాలదు, ఏడాదంతా సరిగ్గా ఉండాలి. కుట్టుపని కూడా అంతే.

ఆఫ్‌సైడ్ అనే నియమం మాత్రం చదివితే బోధపడలేదు. కత్తిరింపుల బల్ల మీద నల్ల గుండీలు ఒక జట్టు, తెల్ల గుండీలు ఒక జట్టు పరిచి, బంతికి బదులు ప్రెస్ బటన్ పెట్టి జరుపుతూ ఉంటే అప్పుడు తెలిసింది. సరిగ్గా అదే సమయానికి మా వీధి టీచరమ్మ జాకెట్టు కోసం వచ్చింది.

“ఏంటి పిన్నీ, గుండీలతో ఆడుకుంటున్నావ్?”

“ఆఫ్‌సైడమ్మా. చూడు, ఈ తెల్లవాడు బంతి అందుకునే ముందే...”

“నా జాకెట్టుకి హుక్కులు కుట్టావా?”

“కుట్టాను.”

“అయితే సరే. ఆడుకో.” అని నవ్వి, జాకెట్టు తిరగేసి చూసుకుంటూ, “క్రికెట్ అయితే ఏదో అనుకోవచ్చు. ఫుట్‌బాల్ ఏంటి పిన్నీ మన మండపేటలో!” అంది.

ఇంకోసారి వచ్చినప్పుడు తనే ఫోనులో ఆ క్లబ్బు ఆట తాలూకు ముక్క ఒకటి తీసి చూపించింది. మంచి మనసుతోనే చూపించింది. మూడు గోల్సూ వరసగా వచ్చేశాయి. జనం అరిచారు, అయిపోయింది. నాకు అది రుచించలేదు. అందులో గోల్స్ ఉన్నాయి, ఎదురుచూడటం లేదు. నేను పేపరు మీదే ఉండిపోయాను. మా ఊరికి వచ్చే పేపరు ముందురోజు సాయంత్రమే అచ్చు మొదలవుతుంది కాబట్టి, అక్కడ ఆదివారం ఆడిన ఆట ఇక్కడ మంగళవారం కానీ తెలియదు. మధ్యలో సోమవారం మొత్తం, గెలిచారో ఓడారో తెలియని ఒక రోజు నాకు మిగిలేది. ఆ రోజు మిషన్ తొక్కడం కూడా హాయిగా ఉండేది.

ఇదంతా చెప్పుకోవడానికి ఒక్క మనిషి ఉంటే బాగుండునని నాకు మెల్లగా అనిపించసాగింది. కాకినాడలో మా అక్కకి ఫోను చేసి చెప్పబోతే, “అది మన ఊరా, మన దేశమా? గెలిస్తే నీకేంటే?” అంది. తప్పు మాట కాదు. కానీ సంతోషమైనా దిగులైనా మనలోనే కూర్చుని ఉంటే పులిసిపోతుంది.

అప్పుడే ఆ పెద్దాయన్ని గమనించాను.

బల్లకి అవతలి పక్క, సరిగ్గా నాకు ఎదురుగా కూర్చుంటాడు. తెల్ల పంచె, పొట్టి చేతుల చొక్కా, కళ్ళజోడుకి నల్ల తాడు. మాటలాడగా ఎప్పుడూ వినలేదు. గోడ మీది రాతని పాటించేది మేమిద్దరమే. ఆయనకి మొదటి పేజీ అందించినా తల అడ్డంగా ఊపేవాడు. ఆయన ఎదురుచూసేదీ ఆటల పేజీ ఉన్న కాగితం కోసమే. అందగానే సగానికి మడిచి, నిలువుగా ఎత్తి పట్టుకుని, కింద మూల దగ్గర కళ్ళు పెట్టి చదివేవాడు. పైన పెద్ద బొమ్మతో ఉండే క్రికెట్ కోసం కాదన్నమాట. కింద మూలన ఉండేది నా అగ్గిపెట్టె వార్త. ఈ ఊళ్ళో ఇంకో మనిషి ఉన్నాడు!

ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా ఒక పద్ధతి ఏర్పడింది. ఆయన ముందు వస్తే ఆయన చదివి నాకు అందించేవాడు. నేను ముందు వస్తే నేను చదివి బల్ల మీదుగా తోసేదాన్ని. అంతే. పలకరింపు లేదు. కానీ కాగితం ఇచ్చేటప్పుడు ఆయన ముఖం చూసి ముందే ఫలితం ఊహించుకునేదాన్ని. కనుబొమలు పైకి లేచి ఉంటే గెలిచినట్టు. నాలిక చప్పరిస్తే డ్రా అయినట్టు. కొన్నిసార్లు తప్పేది. పెద్దాయన, కళ్ళు సరిగ్గా ఆనలేదేమో అనుకునేదాన్ని.

కార్తీకం వచ్చేసరికి మనవాళ్ళు పట్టికలో పైకి పాకారు. ‘మనవాళ్ళు’ అని ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టానో గుర్తు లేదు. కోతలు మొదలై ధాన్యం లారీలు ఊరంతా నిండిపోయాయి. మిల్లుల నుంచి వచ్చే ఊక నుసి లైబ్రరీ బల్ల మీద పేరుకునేది. పొద్దున్నే చేత్తో తుడుచుకుని కాగితం పరుచుకునేవాళ్ళం. ఒకరోజు నేను తుడుస్తూ అవతలి పక్క దాకా తుడిచాను, ఆయన వచ్చే లోపు. ఆయన వచ్చి, శుభ్రంగా ఉన్న బల్లని చూసి, నా వైపు చూసి, తల కొంచెం వంచాడు. ఇంటికెళ్ళి ఆ పూట వంట కూడా శ్రద్ధగా చేసుకున్నాను.

మాఘంలో మనవాళ్ళు బాగా దెబ్బతిన్నారు. వరసగా ఓటములు. అన్నిటికన్నా పెద్ద ఓటమి, సొంత మైదానంలో, పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు చేతిలో జరిగింది. ఆ పొద్దున కాగితం ముందు ఆయన చేతిలో ఉంది. చాలాసేపు చదివాడు. తరవాత దాన్ని మడతపెట్టి నాకు అందిస్తూ, మొట్టమొదటిసారి, నవ్వాడు. పెద్ద నవ్వేమీ కాదు. పెదవులు కొద్దిగా విడిపడ్డాయి, అంతే. నేను చదివాక ఆ నవ్వుకి అర్థం తెలిసింది. ఏం పరవాలేదు, ఇంకా ఆటలున్నాయి అని ధైర్యం చెప్పడానికి నవ్వాడన్నమాట. ఎంత ఓర్పు ఉండాలి మనిషికి! ఆ నవ్వు పట్టుకునే నేను ఆ నెలంతా లాక్కొచ్చాను. నిజం చెప్పాలంటే నా సొంత కష్టాలకి కూడా నాకు ఎవరూ అలా నవ్వి ధైర్యం చెప్పలేదు.

మనవాళ్ళు మళ్ళీ లేచారు. ఎండలు ముదిరి, రెండో పంట దాళ్వా కోతలు కూడా అయిపోతున్న రోజుల్లో, ఆఖరి ఆట మిగిలింది. గెలిస్తే కప్పు. ఆదివారం ఆట. సోమవారం పేపరులో ఉండదని తెలిసి కూడా ఇద్దరం వచ్చాం. ఆయన కాగితం అందుకుని, కింద మూల చూసి, తిరగేసి మళ్ళీ చూసి, ఏమీ దొరకనట్టు నాకు ఇచ్చేశాడు. నాకు ఆయన మీద జాలి వేసింది. సోమవారం రాదని ఇంతకాలమైనా గుర్తుండదేం అనుకున్నాను.

మంగళవారం వచ్చింది. వార్త అగ్గిపెట్టెంత లేదు, అరచేయంత ఉంది. మనవాళ్ళు కప్పు ఎత్తిపట్టుకుని ఉన్న ఫొటో. కుట్టే పెద్దావిడ ఎక్కడైనా ఉందేమోనని వెతికాను, లేదు. కానీ ఒకడు వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు. వాడి చొక్కా మీద నంబరు అంచు కాస్త లేచి ఉంది. చెమటకి బట్ట ముడుచుకుపోయినా కుట్టు మాత్రం పట్టి ఉంది. కాగితం బల్ల మీదుగా తోశాను. ఆయన వేళ్ళతో అందుకుని చదివాడు. కనుబొమలు లేచాయి. నాకు అంతకన్నా ఇంకేం కావాలి?

బయటికి రాగానే అక్కకి ఫోను చేశాను. “గెలిచారే!” అన్నాను. “ఎవరు? కోర్టులో వాళ్ళా?” అంది. వాళ్ళ పక్కింటివాళ్ళ కేసు గురించి చెప్పుకుపోయింది. నేను విని పెట్టేశాను.

ఆ మధ్యాహ్నమే ఆటో ఎక్కి తాపేశ్వరం వెళ్ళి ఒక పెట్టె మడత కాజాలు తెచ్చాను. గెలుపుని ఇద్దరం పంచుకోవాలి. ఇన్నాళ్ళ మౌనానికి ఒక మర్యాద ఉండాలి. లోపల తినకూడదు కాబట్టి, బుధవారం పొద్దున ఆయన వంతు పొట్లం కట్టుకుని, చెప్పులు విడిచే వరండాలో ఆయన కోసం నిలబడ్డాను. లోపలికి వెళ్తున్న ఇద్దరు పెద్దమనుషులు నా చేతిలో పొట్లాన్నీ నన్నూ వింతగా చూశారు. చూడనీ అనుకున్నాను.

ఆయన వచ్చి, చెప్పులు విడిచాడు.

“ఏవండీ, ఒక్క మాట” అన్నాను.

“నాతోనాండీ?” గొంతు సన్నగా ఉంది. నేను ఊహించుకున్న గొంతు కాదు.

“తీసుకోండి. మనవాళ్ళు గెలిచారు కదండీ.”

ఆయన కాజా వైపు, నా వైపు చూశాడు. “ఎవరండీ? ఎలక్షన్లేమైనా అయ్యాయా?”

“ఎలక్షన్లు కాదండీ. మన క్లబ్బు. ఫుట్‌బాల్.”

“ఫుట్‌బాలా?” ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. “నాకు ఆటలు తెలీవండి. చిన్నప్పుడు చెడుగుడు ఆడేవాణ్ణి, అంతే.”

“మరి రోజూ ఆటల పేజీ...”

“అది కాదండి. దాని వెనకాలండి. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయల ధర వేస్తాడు కదా కింద మూలన. అది చూసుకుంటానండి.”

“మీకు తోట ఉందాండీ?” అని అడిగినట్టున్నాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

“ఉండేదండి, గోదావరి అవతల. ఇప్పుడు లేదు. అమ్మేసి ఇక్కడ మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాం.”

“మరి ధర ఎందుకండీ?”

“అలవాటండి. ఈ రోజు కాయ దింపించి ఉంటే ఎంత వచ్చేదో చూసుకుంటాను. బాగా పలికితే నాకే వచ్చినట్టుంటుంది. మా ఇంట్లో చెబితే నవ్వుతారు. అందుకని ఇక్కడికి వచ్చి చూసుకుంటాను.” అని, ఇంకా చాచి ఉన్న నా చేతి వైపు చూసి, “నాకు షుగరండి. అయినా ఇవ్వండి, గెలిచారంటున్నారుగా” అన్నాడు.

కాజా విరిచి సగం తిన్నాడు. పాకం పంచె మీద పడకుండా ముందుకి వంగి, జాగ్రత్తగా.

“ఆ ఊరు ఎక్కడండీ?”

నాకు తెలుసు. అట్లాసులో చూసిందంతా చెప్పాను. నది, రేవు, సముద్రం.

“మన వైపు లాగే అన్నమాట” అన్నాడు. “కొబ్బరి ఉంటుందాండీ అక్కడ?”

“ఉండదండీ. చలెక్కువ.”

“అయ్యో” అన్నాడు, ఎవరో పోయారని విన్నట్టు.

మిగతా సగం కాజా పొట్లంలో పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. నేను వెళ్ళలేదు. ఇంటికి వచ్చేశాను. ఆ రోజంతా జాకెట్ల కోసం వచ్చిన వాళ్ళందరికీ కాజాలు పంచాను. “ఏంటి పిన్నీ విశేషం?” అని టీచరమ్మ అడిగింది. “ఏం లేదమ్మా, తినాలనిపించింది” అన్నాను. పెట్టె ఖాళీ అయింది.

లైబ్రరీ చదువు నాకిచ్చిన గుణం ఒకటుంది. ఏదైనా తేలేదాకా ఊరుకోను. నాలుగు రోజుల తరవాత లైబ్రేరియన్ గారిని అడిగి పాత పేపర్ల కట్ట దింపించుకున్నాను. మాఘంలో మనవాళ్ళు ఓడిన ఆ రోజు పేపరు తీశాను. ఆటల పేజీ తిప్పి, వెనక కింద మూల చూశాను. కొబ్బరికాయ ధర ఆ రోజు బాగా పెరిగింది.

చేత్తో ఆ కాగితం మడతలు సరిచేసి కట్టలో పెట్టేశాను. ఆ నవ్వు నాది కాదు. నెలంతా నేను దాని మీద బతికాను. అది ఎక్కడో నది అవతల, అమ్మేసిన చెట్ల మీది కాయల కోసం వచ్చిన నవ్వు. అయితే అప్పుడు నేను బతికినది కూడా అబద్ధమేనా అని ఆలోచించాను. ఏ సంపుటంలోనూ దొరికే విషయం కాదది.

వేసవి అంతా వాళ్ళకి ఆటలు లేవు. నా మూల ఖాళీగా ఉండేది, లేదా ఇంకేదో టెన్నిస్ వార్తతో నిండేది. అయినా వెళ్ళేదాన్ని. ఆయనా వచ్చేవాడు. ఇప్పుడు చూసుకుంటే తల వంచేవాళ్ళం. మాటలు మాత్రం లేవు. ఆయన కొబ్బరి గురించి నేను అడిగేది ఏముంది, నా ఫుట్‌బాల్ గురించి ఆయన అడిగేది ఏముంది?

మళ్ళీ శ్రావణం వచ్చింది. కొత్త సీజన్. మొదటి ఆట ఫలితం వచ్చే మంగళవారం, నేను జాకెట్ల గొడవలో పడి ఆలస్యంగా వెళ్ళాను. కాగితం ఆయన చేతిలో ఉంది. ఈసారి మడవకుండా నిలువుగా ఎత్తి, వెనక పేజీ తన వైపు పెట్టుకుని చదువుకుంటున్నాడు. ఆటల పేజీ నా వైపు ఉంది. కానీ కింద మూల బల్ల అంచుకి ఆనుకుని మడత పడిపోయింది. నేను కూర్చుని, ఆయనది అయ్యేదాకా ఆగుదామని చేతులు కట్టుకున్నాను.

కాగితం వెనక ఆయన ముఖం కనబడటం లేదు. వేళ్ళు మాత్రం కనబడుతున్నాయి. కాసేపటికి ఆ వేళ్ళు కదిలాయి. కాగితం మెల్లగా పైకి లేచింది. కింద మూల బల్ల అంచు దాటి విప్పుకుంది. అంత ఎత్తున చదవడానికి ఆయన మెడ వెనక్కి వాల్చుకోవలసి వచ్చి ఉంటుంది.

మనవాళ్ళు మొదటి ఆట ఓడిపోయారు. నేను మెల్లగా, ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. కాగితం అలాగే పైకి నిలబడి ఉంది. ఆయనకి ఆ రోజు ధర పెరిగిందో తగ్గిందో అటు వైపు నుంచి నాకు తెలియలేదు.